ట్రంక్ బోర్డు నుంచి వీఆర్ఎస్ దాకా

ప్రతి ఏడాదీ జనవరి 31 వచ్చిందంటే మా వాట్సాప్ గ్రూపు పొద్దున్నుంచే మోగిపోతుంది. మామూలు రోజుల్లో అందులో గుడ్ మార్నింగ్ గులాబీలు, షుగర్ తగ్గించే కషాయాలు, డీఏ ఎంత పెరిగిందన్న లెక్కలు, అంతే. ఆ ఒక్క రోజు మాత్రం 2020లో బీఎస్ఎన్ఎల్‌ నుంచి వీఆర్ఎస్, అంటే స్వచ్ఛంద పదవీ విరమణ, తీసుకుని అందరం కట్టగట్టుకుని బయటికొచ్చిన ఫొటోలు పడతాయి, సాయంత్రానికల్లా ఎవరో ఒకరు "అసలు మనం తొందరపడ్డామంటారా?" అని ఒక ముక్క వేస్తారు, ఇంక రాత్రి పడుకునేదాకా అదే రామాయణం. ఒకావిడ ఉండి ఉంటే ఇంత వచ్చేది అని లెక్క పెడుతుంది, ఇంకొకాయన వచ్చిన డబ్బుతో పోచారంలో ఫ్లాట్ కొన్నా ఇప్పుడు రేటు చూడండి అంటాడు. నేను చదువుతాను గానీ ఏమీ రాయను.

ఈసారి రాయాల్సి వచ్చింది, గ్రూపులో కాదు, ఇక్కడ. మా అక్క కూతురు హైటెక్ సిటీలో పని చేస్తుంది, పదమూడేళ్లుగా ఒకటే కంపెనీ. వాళ్ల టీమ్‌ని ఎత్తేసి ఇంకో దాంట్లో కలిపేస్తున్నారట, కొత్త పని నేర్చుకుని ఉంటావా ప్యాకేజీ తీసుకుని వెళ్తావా నెలలో చెప్పమన్నారట. "పిన్నీ, నీకెలా తెలిసింది, వదిలెయ్యాలని?" అని అడిగింది. ఫోన్‌లో ఏదో చెప్పాను, మనసుకి నచ్చింది చెయ్యమ్మా లాంటిదేదో, ఎవరికీ పనికిరాని మాట. పెట్టేశాక కూర్చుని ఆలోచిస్తే చాలా గుర్తొచ్చాయి, పొద్దున పోయిన కరెంటు రాలేదు, చెయ్యడానికి వేరే పని కూడా లేదు.

నేను టెలిఫోన్ ఆపరేటర్‌గా చేరింది 1984లో. అప్పుడు మాది పీ అండ్ టీ, పోస్టూ టెలిఫోనూ కలిపి. మరుసటి ఏడాదే పోస్టల్ వేరు టెలికాం వేరు అన్నారు. తర్వాత డాట్ అన్నారు, మధ్యలో కొన్నాళ్లు డీటీఎస్ అన్నారు, 2000 అక్టోబరు 1 నుంచి బీఎస్ఎన్ఎల్ అన్నారు. ప్రతిసారీ లెటర్ హెడ్లు మారేవి, రబ్బరు స్టాంపులు మారేవి, మేం యూనియన్ మీటింగుల్లో తెగ కంగారు పడేవాళ్లం. కూర్చున్న కుర్చీ మాత్రం అదే. పేరు మారినప్పుడల్లా అంత గొడవ చేసిన మేము, అసలు పని మారిపోతున్నప్పుడు మాత్రం పెద్దగా పట్టించుకోలేదు. పని మారేటప్పుడు సర్క్యులర్ రాదు కదా.

ట్రంక్ బోర్డు చూడని వాళ్లకి చెప్పాలంటే, ఎదురుగా నిలువు బల్ల, దాన్నిండా చిన్న చిన్న కన్నాలు, వాటి మీద బుడ్డి లైట్లు, ముందు జంటలుగా కార్డులు, అంటే చివర ప్లగ్గున్న తీగలు. చెవులకి హెడ్‌సెట్. మీరు 180కి చేసి ట్రంక్ కాల్ బుక్ చేస్తారు, మేం టికెట్ రాస్తాం, ఊరు, నంబరు, ఆర్డినరీనా అర్జెంటా లైట్నింగా, పీపీ అయితే ఎవరితో మాట్లాడాలో ఆ పేరు. లైన్ దొరికాక ఒక కార్డు ఇటు, ఒక కార్డు అటు. మూడు నిమిషాలకి మధ్యలో దూరి "త్రీ మినిట్స్ ఓవర్, ఎక్స్‌టెండ్ చెయ్యమంటారా" అనాలి. చావు కబురు చెప్పుకుంటున్నా అనాలి. మొదట్లో నాకు గొంతు వచ్చేది కాదు, వెనక నడుస్తూ ఉండే సూపర్‌వైజర్ మేడం వీపు మీద చిన్నగా తట్టేది, అనవే అన్నట్టు.

మొజంజాహీ మార్కెట్‌లో పళ్ల వ్యాపారి ఒకాయన ఉండేవాడు, రోజూ పొద్దున్నే నాగపూర్‌కి అర్జెంట్ కాల్. బత్తాయిలూ కమలాల రేటు కనుక్కోవాలి, ఆయన లెక్కలో దేశంలో అంతకన్నా ముఖ్యమైన విషయం లేదు. మొహం ఎప్పుడూ చూడలేదు. గొంతు విని జలుబు చేసిందని చెప్పగలిగేదాన్ని, ఆయన కూడా "బెహన్‌జీ, నిన్న రాలేదేం" అని అడిగేవాడు. ఒకరోజు బుకింగ్ రాలేదు. తర్వాత రోజూ రాలేదు. ఏమైందో అనుకుంటుండగా వారం తర్వాత ఆయనే 180కి చేసి, కాల్ బుక్ చెయ్యడానికి కాదు, "బెహన్‌జీ, మా దుకాణంలో ఎస్టీడీ వచ్చేసింది, ఇప్పుడు ఖుద్ లగా లేతే హమ్" అని చెప్పాడు, అంటే ఆపరేటర్ లేకుండా వేరే ఊళ్లకి తనే డయల్ చేసుకుంటాడన్న మాట. ఎంత సంతోషమో ఆయనకి, మిఠాయి పంపనా అన్నాడు. నేనూ ముబారక్ చెప్పాను. లైన్ పెట్టేశాక పక్క సీటు ఆవిడతో నవ్వుతూ చెప్పాను కూడా. అదేమిటో మా ఇద్దరికీ అర్థం కాలేదు అప్పుడు. మా పని మా చేతుల్లోంచి పోవడం అంటే ఎవరో వచ్చి లాక్కుపోవడం అనుకుంటాం, కానీ చాలాసార్లు అవతలివాళ్లు థాంక్స్ చెప్పి మరీ తీసుకెళ్తారు.

ఎస్టీడీ బూత్‌లు వచ్చాయి, ఆ పసుపు బోర్డులు. రాత్రి పదకొండు దాటితే పావు రేటు అని జనం లుంగీలతో నైటీలతో వీధి చివర లైన్ కట్టేవాళ్లు. మా బోర్డు మీద లైట్లు వెలగడం తగ్గింది. ముందు నైట్ డ్యూటీలో తగ్గింది, తర్వాత మధ్యాహ్నాలు, తర్వాత అసలు పొజిషన్లే తీసేస్తూ వచ్చారు. డిపార్ట్‌మెంట్ వాళ్లు ఆపరేటర్లని కొత్త కేడర్‌లోకి రమ్మన్నారు, టీఓఏ, అంటే టెలికాం ఆఫీస్ అసిస్టెంట్ అని, కంప్యూటర్ ట్రైనింగ్ ఇస్తామని. సూపర్‌వైజర్ మేడం రానంది. "నాకెందుకే ఇవన్నీ, నాలుగేళ్లు కళ్లు మూసుకుంటే అయిపోతుంది" అంది. తర్వాత ఆవిడ నైట్ డ్యూటీల్లో బోర్డు ముందు కూర్చుని దీపాలకి ఒత్తులు చేసుకునేది. పళ్లెంలో పత్తి, కొంచెం విభూతి, ఒత్తులన్నీ ఒకే పొడుగు, కట్టలు కట్టలు. ఆ ఏడాది కార్తీకమాసానికి మా స్టాఫ్ అందరి ఇళ్లలో ఆవిడ ఒత్తులే వెలిగాయి.

మా అక్క కూతురితో చెబితే అయ్యో పాపం అంది. పాపం ఏం లేదు. ఆవిడ లెక్క కరెక్ట్. నాలుగేళ్లే ఉన్న మనిషి కొత్త పని నేర్చుకోకపోతే కొంప మునిగేదేం లేదు, గౌరవంగా రిటైరై, శాలువా కప్పించుకుని ఇంటికెళ్లింది. నాకు అప్పటికి ఇంకా పాతికేళ్లుంది. నేనూ ఒత్తులు చేస్తూ కూర్చుంటే అది వేరే కథ.

ట్రైనింగ్ గచ్చిబౌలిలో, మా ట్రైనింగ్ సెంటర్‌లో. ఇప్పుడు గచ్చిబౌలి అంటే పిల్లలకి అద్దాల బిల్డింగులు గుర్తొస్తాయి గానీ అప్పుడు రాళ్లగుట్టలు, తుమ్మచెట్లు, సాయంత్రం ఆరు దాటితే బస్సు కోసం దేవుడికి మొక్కుకోవాలి. అక్కడ మొదటిసారి మౌస్ పట్టుకున్నాను. పెద్దగా చెప్పడానికేం లేదు, నేర్చుకున్నాం, అంతే.

తర్వాత కొన్నేళ్లు 198లో కూర్చున్నా, ఫాల్ట్ కంప్లయింట్లు తీసుకునే సీటు. అక్కడే నాకు జాయింటర్ భాయ్, అంటే తెగిన కేబుళ్లు అతికించే ఆయన, పరిచయం. చిక్కడపల్లి, అశోక్‌నగర్, దోమలగూడ ఏరియాలో భూమి లోపల ఏ కేబుల్ ఎటు పోతుందో ఆయనకి తన ఇంటి అల్మారా తెలిసినట్టు తెలుసు. మ్యాపులుండేవి ఆఫీసులో, ఎవరూ చూసేవాళ్లు కాదు, భాయ్‌ని అడిగేవాళ్లు.

2000 ఆగస్టు 24 మన ఊళ్లో ఎవరూ మర్చిపోరు. ఒక్కరోజులో 24 సెంటీమీటర్ల వాన, బేగంపేటలో రికార్డు. హుస్సేన్‌సాగర్ నిండి, దాని మిగులు నీళ్లు పోయే నాలా పక్కనున్న కాలనీలన్నీ మునిగాయి, అశోక్‌నగర్, దోమలగూడ, కింద నల్లకుంట దాకా. 198కి కాల్స్ తగ్గిపోయాయి ఆ రోజు, అది చూసి నేను భయపడ్డాను, ఎందుకంటే కంప్లయింట్ ఇవ్వడానికి కూడా ఫోన్ పని చెయ్యట్లేదన్న మాట. పాత కేబుళ్లలో తీగల చుట్టూ కాగితమే ఇన్సులేషన్, పైన సీసం తొడుగు, ఎక్కడన్నా చిల్లు పడి నీళ్లు దూరాయా, ఇంక ఆ ముక్కంతా పోయినట్టే. కొత్తవి జెల్లీ నింపినవి, అవి కాస్త తట్టుకున్నాయి గానీ జాయింట్ల దగ్గర అవీ పోయాయి.

తర్వాత కొన్ని వారాలు భాయ్ గుంటల్లోనే ఉన్నాడు. నేను ఒకసారి ఆఫీసు పని మీద వెళ్తూ చూశాను, వైఎంసీఏ అవతల గుంటలో మోకాళ్ల మీద కూర్చుని, మెడలో టార్చి, ఒళ్లో తెరిచిన కేబుల్. పీచు విడదీసినట్టు తీగలు విడదీస్తున్నాడు. జంట జంటకీ రంగులుంటాయి, తెలుపుతో నీలం, తెలుపుతో నారింజ, తెలుపుతో ఆకుపచ్చ, తెలుపుతో బ్రౌన్, తెలుపుతో బూడిద, అవి ఐదూ అయ్యాక ఎరుపుతో మళ్లీ నీలం నుంచి మొదలు. ఆయన చూడటం లేదు, ఎదురుగా నిలబడ్డ హెల్పర్ కుర్రాడితో ఇంట్లో అమ్మాయి పెళ్లి సంబంధం గురించి మాట్లాడుతూనే వేళ్లు మెలి తిప్పుకుంటూ పోతున్నాయి. చేతులకి ఆ జెల్లీ సబ్బుతో పోదు, కిరసనాయిలు కావాలి. "భాయ్, చాయ్ తాగుతారా" అంటే చేతులు చూపించి నవ్వాడు, నేనే గ్లాసు పట్టుకుంటే రెండు గుక్కలు తాగాడు.

అదే టైమ్‌లో, సెప్టెంబరులో, మా సమ్మె. డిపార్ట్‌మెంట్‌ని కార్పొరేషన్ చేస్తే పెన్షన్ ఎవరిస్తారు, రేపు కంపెనీ మూసేస్తే మా గతేంటి అని దేశమంతా ఆగిపోయింది. చివరికి డిపార్ట్‌మెంట్ నుంచి వచ్చినవాళ్లకి పెన్షన్ గవర్నమెంటే ఇస్తుందని ఒప్పుకున్నారు, 37ఏ రూలు అంటాం మేము, మంత్రంలాగా. ఇరవై ఏళ్ల తర్వాత మాలో అంతమంది ధైర్యంగా సంతకం పెట్టి బయటికి రాగలిగారంటే ఆ రూలే కారణం. వదిలెయ్యడం గురించి గొప్ప గొప్ప మాటలు చెప్పేవాళ్లు ఈ సంగతి చెప్పరు. నెల నెలా పెన్షన్ పడుతుందని తెలిసినవాళ్లకి వదిలెయ్యడం సులువు. ఈఎంఐ ఉన్న మా అక్క కూతురికి నా కథ సగమే పనికొస్తుంది.

ఆ తర్వాత నన్ను కస్టమర్ సర్వీస్ సెంటర్‌లో కౌంటర్‌కి వేశారు, చిక్కడపల్లి వైపు. నిజం చెప్పాలంటే నా ఉద్యోగంలో బెస్ట్ రోజులు అవే. ఫోన్ కోసం ఏళ్లకి ఏళ్లు వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్లని చూసినదాన్ని, కనెక్షన్ శాంక్షన్ అయిందని చెబితే కళ్లు తుడుచుకున్నవాళ్లని చూసినదాన్ని, ఇప్పుడు అడిగిన వారానికే ఇచ్చే స్థితికి వచ్చాం. సెల్ ఫోన్లు వచ్చి ల్యాండ్‌లైన్ పని అయిపోయింది అనుకుంటుండగా 2005లో డేటావన్ బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది, ఇంక మళ్లీ లైన్లు. అశోక్‌నగర్ నిండా గ్రూప్స్‌కీ సివిల్స్‌కీ ప్రిపేరయ్యే పిల్లలు కదా, రూముకి నలుగురు కలిసి ఒక కనెక్షన్, బిల్లు పంచుకునే దగ్గర కొట్లాటలు, నా కౌంటర్ ముందే పంచాయితీ. "ఆంటీ మీరే చెప్పండి, నేను ఊరెళ్లిన పది రోజులకి కూడా కట్టాలా?" నేను తీర్పు చెప్పేదాన్ని. వాళ్లలో ఒకడు తర్వాత ఆఫీసరై కారులో వచ్చి నమస్కారం పెట్టి వెళ్లాడు, ఏ డిపార్ట్‌మెంటో చెప్పను.

2013 జులైలో టెలిగ్రాం ఆపేశారు. 14వ తేదీ ఆదివారం, చివరి రోజని దేశమంతా జనం తార్ ఆఫీసుల ముందు క్యూ కట్టారు, ఇరవై ఏళ్లుగా ఒక్క టెలిగ్రాం ఇవ్వనివాళ్లంతా తమకి తామే ఇచ్చుకున్నారు దాచుకోవడానికి. టీవీలో చూస్తూ మా ఆయన "మీ ల్యాండ్‌లైన్‌కి కూడా ఇలాగే క్యూ కడతారులే" అన్నాడు. వారం రోజులు మాట్లాడలేదు నేను.

ల్యాండ్‌లైన్ పోవడం చెప్పాలంటే నాకు మూడు తేదీలు చాలు. 2015 మే 1 నుంచి రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఏడు దాకా ల్యాండ్‌లైన్ నుంచి ఏ ఫోన్‌కైనా ఫ్రీ అన్నారు. అబ్బ, ఎంత ఊపు వచ్చిందో, సరెండర్ చెయ్యడానికి ఫారం పట్టుకుని వచ్చినవాళ్లకి ఈ మాట చెప్పి వెనక్కి పంపేదాన్ని. 2016 ఆగస్టులో ఆదివారాలు రోజంతా ఫ్రీ అన్నారు. పాంప్లెట్లు అచ్చేయించారు, కౌంటర్ మీద కట్టలు. సెప్టెంబరు 5న జియో వచ్చింది, వాళ్లు రోజంతా, అన్ని రోజులూ ఫ్రీ అన్నారు. నా దగ్గర పాంప్లెట్ల కట్ట ఇంకా సగం కూడా అవ్వలేదు.

దానికి తోడు రోడ్లు. మన లైన్ మీద మెట్రో పిల్లర్లు లేస్తున్న ఏళ్లు అవి, జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ దాకా, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, చిక్కడపల్లి, నారాయణగూడ మీదుగా. ఎవరి పనికి ఎవరు తవ్వారో వదిలేయండి, ఊరు పెరిగినప్పుడు రోడ్డు తవ్వక తప్పదు, కింద ఉన్న రాగి తీగ తెగక తప్పదు. భాయ్ అతికిస్తూనే ఉన్నాడు, అది ఇంకో చోట తెగుతూనే ఉంది.

సరెండర్ కౌంటర్‌లో జనం ఫోన్ ఇన్‌స్ట్రుమెంట్ తెచ్చి ఇవ్వాలి. తెచ్చేవాళ్లు. కవర్‌లో చుట్టి, కొందరు శుభ్రంగా తుడిచి. వాటి మీద ఏముండేవో చెబితే నమ్మరు, గ్యాస్ ఏజెన్సీ నంబరు రాసిన ప్లాస్టర్ ముక్క, దసరాకి పెట్టిన కుంకుమ బొట్టు, క్రోషియా అల్లిన కవరు అలాగే ఉంచేసి ఇచ్చినవాళ్లున్నారు. ఒకావిడ రిసీవర్‌కి కట్టిన దిష్టి తాడు విప్పుకుని తీసుకెళ్లింది. వెనక రూములో అవన్నీ గుట్టగా పడుండేవి. పక్కనే బీరువాలో కొత్త కనెక్షన్ ఫారాల కట్ట, ప్రెస్ నుంచి వచ్చినప్పుడు కట్టిన పురికొస విప్పకుండా.

నేను మాత్రం పట్టువదలని విక్రమార్కుడిలా ప్రతి ఒక్కరికీ నచ్చజెప్పేదాన్ని. ప్లాన్ తగ్గించి ఇస్తా ఉంచుకోండి, పెద్దవాళ్లున్న ఇల్లు, కరెంటు పోయినా పని చేస్తుంది, సెల్ రేడియేషన్, అన్నీ. అందులో నాకు పేరుండేది, మా ఆఫీసర్ "మేడం దగ్గరికి పంపండి, ఆవిడ ఆపుతారు" అనేవాడు. 2018 ఎండాకాలంలో ఒక పెద్దాయన వచ్చారు, రిటైర్డ్ లెక్చరర్, త్యాగరాయ గానసభలో కచేరీలకి ముందు వరసలో కూర్చునే మనిషి, నాకు ముఖపరిచయం. అరగంట చెప్పాను. ఆయన ఒక్క మాట అడ్డం రాకుండా విన్నారు, అంత బాగా వినేవాళ్లు దొరకరు. అంతా అయ్యాక కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "అమ్మా, ఒక్కటి అడుగుతాను, ఏమనుకోవద్దు. ఈ ఫోను నాకు అవసరమని చెప్తున్నారా, మీకు అవసరమని చెప్తున్నారా?" అన్నారు.

వెటకారం లేదు ఆ గొంతులో. క్లాసులో పిల్లల్ని అడిగినట్టే అడిగారు. నేను ఫారం తీసి ఆయన ముందు పెట్టాను. డిపాజిట్ రీఫండ్ ఎప్పుడొస్తుందో చెప్పాను. ఆయన వెళ్లాక ఇంకో ఇద్దరు వచ్చారు, వాళ్లకి ఏమీ చెప్పలేదు, ఫారాలిచ్చాను.

మా అక్క కూతురు అడిగిందానికి జవాబు అదే అనుకుంటా. వీఆర్ఎస్ స్కీమ్ వచ్చింది 2019లో, నేను బయటికొచ్చింది 2020లో, కానీ నా పని నన్ను వదిలేసింది ఆ ఎండాకాలం మధ్యాహ్నమే. సంస్థ మునుగుతుందా తేలుతుందా అన్నది నాకు తెలియదు, తెలిసే తెలివితేటలు నాకు లేవు. నాకు తెలిసిందల్లా నేను కూర్చున్న కుర్చీ, దాని ముందుకి వచ్చేవాళ్లు. వాళ్లకి నా అవసరం అయిపోయింది, నాకే వాళ్ల అవసరం మిగిలింది.

2019 అక్టోబరులో కేబినెట్ ఒప్పుకుంది, నవంబరు 4 నుంచి డిసెంబరు 3 దాకా ఆప్షన్ ఇవ్వొచ్చు, 50 ఏళ్లు నిండినవాళ్లెవరైనా. ఎక్స్‌గ్రేషియా కింద చేసిన ప్రతి ఏడాదికీ 35 రోజుల జీతం, రిటైర్‌మెంట్‌కి మిగిలిన ప్రతి ఏడాదికీ 25 రోజుల జీతం, దాని మీద మళ్లీ పరిమితులు. ఆ నెల ఆఫీసులో పని ఏం జరిగిందో నాకు గుర్తు లేదు, అందరి టేబుళ్ల మీదా లెక్కల కాగితాలు. బయట ఆర్టీసీ సమ్మె, అక్టోబరు 5న మొదలై యాభై రోజులు దాటింది, బస్సుల్లేవు, షేర్ ఆటోల్లో మోకాళ్లు తగిలేలా కూర్చుని అందులో కూడా ఎక్స్‌గ్రేషియా లెక్కలే. ఆటో డ్రైవర్లకి కూడా మా స్కీమ్ నోటికొచ్చేసి ఉంటుంది. ఉన్నవాళ్లకి రిటైర్‌మెంట్ వయసు 58 చేస్తారట అని ఒక పుకారు, దూరాలకి ట్రాన్స్‌ఫర్ చేస్తారట అని ఇంకోటి. భయంతో ఇచ్చినవాళ్లు చాలామంది. నా పక్క సీటు ఒదిన పొద్దున ఆప్షన్ ఇచ్చి, ఇంటికెళ్లి కొడుకు తిడితే మర్నాడు వెనక్కి తీసుకుని, గడువు ముందు మళ్లీ ఇచ్చింది. ఇప్పుడు గ్రూపులో "తొందరపడ్డామా" అని ముందు మొదలెట్టేది కూడా ఆవిడే, ప్రేమగానే చెప్తున్నా.

నేను ఎక్కువ ఆలోచించలేదు. మా ఆయన లెక్క వేసి ఉంటే కొంచెం ఎక్కువే వస్తుంది అన్నాడు. ఆ కొంచెం కోసం ఇంకో మూడేళ్లు ఆ కౌంటర్‌లో ఏం చెయ్యాలి అని అడిగాను. ఆయన దగ్గర జవాబు లేదు, కాఫీ కలిపి ఇచ్చాడు.

ఆప్షన్ ఇస్తాడని అందరూ అనుకుని ఇవ్వనిది జాయింటర్ భాయ్. ఎండలో వానలో గుంటల్లో బతికిన మనిషి, మోకాళ్ల నొప్పులు, ఆయన కన్నా ఎవరికి అవసరం చెప్పండి విశ్రాంతి. అడిగితే, "బెహన్, రేపు మీరందరూ పోతారు, ఫైబర్ వేసే కాంట్రాక్టు పిల్లలు వస్తారు. పాత డక్టు ఎక్కడుందో వాళ్లకెవరు చెప్తారు? నాకింకా పనుంది" అన్నాడు. హీరోలా అనలేదు, ఇంకో రెండు చపాతీలు ఉన్నాయి తినేసి వస్తా అన్నట్టు అన్నాడు. అప్పటికే ఫైబర్ స్ప్లైసింగ్ కూడా నేర్చుకున్నాడు, ఆ మెషిన్‌లో రెండు గాజు పోగులు పెట్టి మూత వేస్తే అతుక్కుంటాయి, చిన్న స్క్రీన్ మీద కనిపిస్తుంది. "ఇందులో రంగుల జంటల్లేవు, మాట్లాడుకుంటూ చెయ్యడానికి లేదు" అని ఒకటే కంప్లయింట్. రాగి పోయిందని ఆయన కూడా బాధపడ్డాడు, కానీ తనకి తెలిసింది రాగి కాదు, చిక్కడపల్లి భూమి. అది ఇంకా కావాలి. నాకు తెలిసింది జనానికి నచ్చజెప్పడం, ఆ కౌంటర్‌లో అది ఇంక అక్కర్లేదు. అందుకే ఆయన ఉండటం రైటు, నేను పోవడం రైటు. వీఆర్ఎస్ మంచిదా చెడ్డదా అని గ్రూపులో కొట్టుకునేవాళ్లు ఇద్దరికీ ఒకటే జవాబు కావాలంటారు, అదే చిక్కు.

మొత్తం దేశంలో లక్షన్నర మందిలో 78 వేల మందికి పైగా ఇచ్చారు. 2020 జనవరి 31, శుక్రవారం, అందరికీ ఒకటే రోజు. మామూలుగా రిటైర్‌మెంట్ అంటే ఒకరు కూర్చుంటారు, నలభై మంది దండలు వేస్తారు. మా దగ్గర స్టేజి మీద కుర్చీలు చాలలేదు, కింద జనం లేరు. దండలు వేసేవాళ్లు దొరక్క ఒకరికొకరం వేసుకున్నాం, పెళ్లిలో దండలు మార్చుకున్నట్టుందని ఎవరో అంటే ముసలి పెళ్లికొడుకులూ పెళ్లికూతుళ్లూ పగలబడి నవ్వారు. శాలువాలు తక్కువ పడ్డాయి, ఫొటో అవ్వగానే తీసి పక్కవాళ్లకి కప్పారు. మైకులో మాట్లాడమంటే మా ఆఫీసర్ కూడా ఏడ్చేశాడు, ఆయనా వెళ్తున్నాడు మరి. భాయ్ ఒక్కడే కింద నిలబడి, మిగిలినవాళ్ల తరఫున అందరికీ సమోసాలు పంచాడు. సరిగ్గా వారానికి ఫిబ్రవరి 7న మా రోడ్డు మీద మెట్రో మొదలైంది, మా ఆయనా నేనూ ఉత్తినే ఎక్కి ఎంజీబీఎస్ దాకా వెళ్లి వచ్చాం, పై నుంచి మా ఆఫీసు టెర్రస్ మీద వాటర్ ట్యాంకు కనిపించింది. మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది, ఇంక అందరూ ఇంట్లోనే కాబట్టి నేను ప్రత్యేకంగా ఇంట్లో ఉన్నానన్న బాధ తెలియలేదు. అది మాత్రం నా అదృష్టం.

మా ఇంట్లో ల్యాండ్‌లైన్ 2022 దాకా ఉంది. నేనే తీయించలేదు, ఎలా తీయిస్తాను. చివరికి ఇల్లు మారుతూ తప్పలేదు, ఫోన్ తుడిచి కవర్‌లో పెట్టుకుని కౌంటర్‌కి వెళ్లాను. కొత్త కుర్రాడు, కాంట్రాక్టు మీద వచ్చినవాడు, నన్నెరగడు. నేను దారంతా రెడీ అయ్యాను, వాడు ఉంచుకోమంటే ఏం చెప్పాలో, ప్లాన్ తగ్గిస్తానంటే ఏమనాలో, ఫైబర్‌కి మారితే ఇదే నంబరు ఉంటుంది ఆంటీ అంటే అప్పుడు కాస్త తటపటాయించాలా వద్దా అని కూడా. వాడు ఫారం ప్రింటు తీసి ఇంటూ మార్కు పెట్టి "ఇక్కడ సైన్ పెట్టండి ఆంటీ" అన్నాడు. పెట్టాను. "కారణం" అన్న కాలమ్ ఖాళీగా ఉంది, నేనే అడిగాను, ఇది నింపాలి కదా బాబూ అని. "అక్కర్లేదాంటీ, అందరిదీ ఒకటేగా" అని తీసుకుని స్టాంపు కొట్టి, నా వెనకాయన్ని పిలిచాడు.